వైజాగ్‌లో కొత్త అడ్వెంచర్ బైక్ బుక్ చేస్తున్నారా? ముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లి రండి

తక్కువ ధరకి వస్తోంది కదా అని కొత్త మోడల్ అడ్వెంచర్ బైక్ (రాళ్ల దారుల్లో కూడా వెళ్లేలా ఎత్తుగా చేసిన బండి) కొందామనుకుంటున్న వైజాగ్ వాళ్లు అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి. నా కొత్త బండి 52 రోజులు సర్వీస్ సెంటర్‌లో కదలకుండా పడి ఉంది. ఇంజన్ పాడవలేదు, పెద్ద యాక్సిడెంట్ కూడా కాలేదు. ఇంజన్ కుడిపక్కన ఉండే క్లచ్ కవర్ పగిలింది. దాని ధర 3 వేల లోపే. ఆ ఒక్క పార్ట్ ఊళ్లో లేదు, రాష్ట్రంలో లేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు.

ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు, షోరూం పేరు రాయడం లేదు. దయచేసి అడగకండి. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. కొత్తగా వచ్చిన మోడల్ ఏదైనా సరే, అమ్మకాలు మొదలైనంత వేగంగా విడిభాగాలు ఊళ్లకి చేరవు. నాకు ఆ సంగతి కొన్న తర్వాత తెలిసింది. మీకు ముందే తెలియాలి.

ఒకప్పుడు ఇలాంటి బండ్లు మనలాంటి వాళ్లకి ఫొటోల్లోనే. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక మధ్యతరగతి వాళ్లకి ఆశ పుట్టింది. 2022లో యెజ్డీ అడ్వెంచర్, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ వచ్చాయి. ఆ తర్వాత పోటీ ఇంకా పెరిగింది. (నా బండి కథకి ఈ పేర్లకి ముడిపెట్టకండి. మార్కెట్ ఎలా మారిందో చెప్పడానికే రాశాను.) 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 350 సీసీ దాటితే మాత్రం 40 శాతం. నేను చూసుకున్నది 350 లోపు బండి. దసరా దగ్గర పడింది, ధర తగ్గింది, ఇంకేం కావాలి అనిపించింది. నా పాత 125 సీసీ బండి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, మిగతాది లోన్ పెట్టాను. నెలకి 6,200 ఈఎంఐ.

మొదటి దెబ్బ కొటేషన్ దగ్గరే తగిలింది. ప్రకటనలో ఉన్న ధర చూసి వెళ్తే, చేతికిచ్చిన కాగితంలో ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కాకుండా ఇంకా 25,500 ఎక్కువుంది. అందులో 14,800 "అడ్వెంచర్ కిట్". మరో 2,500 హ్యాండ్లింగ్ చార్జీలు. ఎక్స్‌టెండెడ్ వారంటీ 3,200, హెల్మెట్‌కి 1,400. ఇన్సూరెన్స్ అయితే అదే పాలసీ ఆన్‌లైన్‌లో చూసిన దానికంటే 3,600 ఎక్కువ. కిట్ వద్దంటే, "కిట్ లేని బండి కావాలంటే రెండు నెలలు ఆగాలి సార్" అన్నారు. పండక్కి బండి ఇంటికి రావాలన్న తొందరలో నేను తలూపేశాను.

మీరు తలూపకండి. కొత్త టూ వీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచి అదే నిబంధన. కానీ ఆ పాలసీ ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలన్నది మీ ఇష్టం. షోరూం చెప్పిన చోటే తీసుకోవాలన్న రూల్ లేదు. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 138వ నిబంధన ప్రకారం బండి కొన్నప్పుడు బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్ తయారీదారే ఇవ్వాలి. నేను మాత్రం దానికి డబ్బులు కట్టాను. హ్యాండ్లింగ్ చార్జీలు దేనికని రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే ఆ లైన్ కొట్టేస్తారట. మా ఆఫీసులో ఇద్దరికి అలాగే జరిగింది.

కిట్‌లో ఏముందో కూడా చెప్పాలి. సీటు కవర్, ట్యాంక్ ప్యాడ్, వెనక బాక్స్ పెట్టుకునే స్టాండు, ఫాగ్ లైట్లు. రాళ్ల దారిలో ఇంజన్‌ని కాపాడేది మెటల్ స్కిడ్ ప్లేటు, పక్కల క్రాష్ గార్డు. ఆ రెండూ కిట్‌లో లేవు. "స్టాక్ లేదు, వచ్చాక ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోన్ రాలేదు.

ఇక టెస్ట్ రైడ్. హైవే మీద రెండు కిలోమీటర్లు వెళ్లి తిరిగి వచ్చాను. నున్నటి రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది. నా ఎత్తు అయిదడుగుల అయిదు అంగుళాలు. ఈ రకం బండ్ల సీటు ఎత్తు 800 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 835, కొన్ని ఇంకా ఎక్కువ. చదును నేల మీద మునివేళ్లు ఆనాయి, సరిపోతుందనుకున్నాను. నేల ఒక పక్కకి వాలి ఉంటే, వెనక మనిషి ఉంటే, బ్యాగులుంటే ఏమవుతుందో ఆలోచించలేదు.

డిసెంబరు 14 ఆదివారం అది తెలిసింది. మా అక్క మొగుడు, నేను తెల్లవారుజామున పెద్ద వాల్తేరులో బయల్దేరి, ఎస్.కోటలో టిఫిన్ చేసి, అనంతగిరి ఘాట్ ఎక్కాం. మంచు బాగా పట్టింది. నిజం చెప్పాలంటే ఆ రెండు గంటలు బండి మీద నాకు ప్రాణం లేచి వచ్చినట్టుంది. గుంతలు తెలియలేదు, మలుపుల్లో బెదరలేదు. బొర్రా దగ్గర నుంచి కటికి జలపాతం వైపు జీపులు వెళ్లే రాళ్ల దారి ఉంది కదా, అందులోకి దిగాం. కొంత దూరం పోయాక ఎదురుగా జీపు వచ్చింది. దారి ఇద్దామని పక్కకి ఆపి కుడికాలు దించాను. ఆ పక్క నేల జానెడు లోతులో ఉంది. కాలు అందలేదు. బండి అలాగే మెల్లగా కుడిపక్కకి ఒరిగిపోయింది. వేగం సున్నా. మాకిద్దరికీ దెబ్బ తగల్లేదు. కింద మాత్రం ఒక మొనదేలిన రాయి ఉంది.

లేపి చూస్తే బ్రేక్ లివర్ వంగింది, ఇండికేటర్ విరిగింది, కింద ఎర్రమట్టి మీద నల్లగా ఆయిల్. నేను స్టార్ట్ చేయబోతే జీపు డ్రైవరు కిందికి దిగి వచ్చాడు. "ఇంజను ఆడించకండి బాబూ, నూనె అంతా కారిపోనాది" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన పుణ్యమే. ఆయిల్ లేకుండా నడిపితే ఇంజన్ సీజ్ అవుతుంది. అలా మనం నడపడం వల్ల పెరిగిన నష్టాన్ని మామూలు ఇన్సూరెన్స్ పాలసీ సాధారణంగా కవర్ చేయదు. ఎప్పుడైనా మీ బండి ఇలా పడితే ముందు వంగి కింద చూడండి, ఆ తర్వాతే స్టార్టర్ మీద చెయ్యి వేయండి.

అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్డు జేబులోనే ఉంది కానీ ఫోన్ కలిస్తే కదా. చివరికి బొలెరో పికప్ మాట్లాడుకుని 4,500 ఇచ్చి బండిని వైజాగ్ తెచ్చాం.

డిసెంబరు 15న సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డ్ (రిపేరుకి బండి తీసుకున్నట్టు ఇచ్చే కాగితం) రాశారు. "వారం సార్" అన్నారు. వారం తర్వాత "ఆర్డర్ పెట్టాం సార్". రెండో వారం "మెయిన్ డిపోలో లేదు సార్". మూడో వారం నుంచి నా ఫోన్ ఎత్తడం తగ్గిపోయింది. షోరూంలో డిస్‌ప్లేకి పెట్టిన బండి నుంచి ఆ కవర్ తీసి వేయమని అడిగాను, వచ్చిన పార్ట్ దానికి వేసుకోవచ్చు కదా అన్నాను. కుదరదన్నారు. గాజువాక ఆటోనగర్‌లో అల్యూమినియం వెల్డింగ్ చేసే మేస్త్రీకి పగిలిన కవర్ ఫొటో చూపిస్తే, "గంట పని, 800 ఇవ్వండి" అన్నాడు. సంతోషంగా ఆ మాట సర్వీస్ సెంటర్‌లో చెబితే, బయట పని చేయిస్తే ఇంజన్ వారంటీ పోతుందన్నారు. మూడు నెలల బండికి వారంటీ వదులుకోలేక ఆగిపోయాను.

ఆ రోజుల్లో నేను పడ్డ అవస్థ ఎవరికీ వద్దు. పాత బండి ఎక్స్ఛేంజ్‌లో పోయింది. నా ఉద్యోగం పరవాడలో. పొద్దున్నే రెండు బస్సులు మారి, అక్కడి నుంచి ఆటో. రెండు ఈఎంఐలు కట్టాను, కిలోమీటరు కూడా తిరగని బండికి. సంక్రాంతికి అమ్మని వెనక కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్తానని మాటిచ్చాను. అమ్మ బస్సులో వెళ్లింది, సీటు దొరక్క సగం దూరం నిలబడే వెళ్లింది. పార్ట్ రాలేదన్న కోపం కంటే అది ఎక్కువ బాధ పెట్టింది.

జనవరి 22న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. జాబ్ కార్డ్ నంబరు, తేదీ, నా వాట్సాప్ మెసేజులు అన్నీ పెట్టాను. మూడు రోజుల్లో కంపెనీ ప్రాంతీయ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫిబ్రవరి 5న బండి ఇచ్చారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో క్లచ్ కవర్‌కి డబ్బు దాదాపు పూర్తిగా వచ్చింది గానీ, ఇండికేటర్, హ్యాండ్ గార్డ్ లాంటి ప్లాస్టిక్ సామాన్లకి సగమే వచ్చింది. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయకుండా డబ్బిచ్చే అదనపు కవర్, జీరో డెప్ అంటారు) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి 50 శాతం కోసేస్తారు. ఈ బండ్లు ఎప్పుడో ఒకప్పుడు పడతాయి, పడితే ముందు విరిగేవి ప్లాస్టిక్‌లే. కాబట్టి హ్యాండ్లింగ్ చార్జీల మీద మిగిల్చిన డబ్బు జీరో డెప్ మీద పెట్టండి.

ఇప్పుడు అసలు మాట. బండి నచ్చిందా, షోరూంకి వెళ్లకండి, ముందు అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. పార్ట్స్ కౌంటర్ దగ్గర నిలబడి ఆ మోడల్‌కి క్లచ్ లివర్, బ్రేక్ లివర్, క్లచ్ కవర్, ముందు ఇండికేటర్, ముందు చక్రం ట్యూబు ఉన్నాయా, ఒక్కోటి ఎంత అని అడగండి. "ఆర్డర్ మీద తెప్పిస్తాం" అంటే లేదని అర్థం. శనివారం పొద్దున వెళ్తే ఆ బండి కొన్నవాళ్లు ఒకరిద్దరు అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంటారు. వాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి. నేను ఆ 52 రోజుల్లో అక్కడ కలిసినవాళ్లలో ఒకాయన సైలెన్సర్ గార్డు కోసం, ఒక కుర్రాడు స్పీడోమీటర్ కోసం తిరుగుతున్నారు. వాళ్లని కొనకముందు కలిసి ఉంటే నేను కనీసం ఏడాది ఆగేవాణ్ణి.

ట్యూబు మాట ఎందుకన్నానంటే, స్పోక్ చక్రాలున్న చాలా బండ్లకి ట్యూబ్ టైర్లే ఉంటాయి. ముందు చక్రం 21 అంగుళాలదైతే ఆ ట్యూబు మన్యంలో పంక్చర్ షాపుల్లో దొరకదు. నవంబరులో వంజంగి వెళ్తూ పాడేరు దగ్గర నాకు ముందు టైరు పోయింది. 17, 18 సైజు ట్యూబులు గోడ నిండా వేలాడుతున్నాయి, 21 ఒక్కటీ లేదు. రెండు ప్యాచీలు వేయించుకుని, గాలి కొట్టించుకుంటూ ఇల్లు చేరాను. అప్పటి నుంచి ఒక ట్యూబు బ్యాగులోనే ఉంటుంది. ఇంకో సంగతి, మన సముద్రపు గాలికి స్పోకులు తొందరగా తుప్పు పడతాయి. బీచ్ రోడ్డు దగ్గర ఉండేవాళ్లు వారానికోసారి మంచినీళ్లతో కడిగి తుడవాల్సిందే.

ఇంత చెప్పాక కూడా ఈ బండి కొనడం దండగ అని నేను అనను. చింతపల్లి, లంబసింగి వైపు విరిగిపోయిన రోడ్ల మీద నెలకోసారైనా తిరిగేవాళ్లకి, ఒంటరిగా కాకుండా తోడుతో వెళ్లేవాళ్లకి, ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లకి పెట్టిన డబ్బుకి తగిన బండే. కానీ మీ దారి భీమిలి దాకా బీచ్ రోడ్డు, ఏడాదికి రెండుసార్లు అరకు అయితే, అరకు దాకా తారు రోడ్డే ఉంది. స్కూటర్ల మీద కూడా కుటుంబాలు వెళ్లి వస్తున్నాయి. ఉన్న ఒక్క బండినీ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, రోజూ ఉద్యోగానికి వెళ్లడానికి కొత్త మోడల్ అడ్వెంచర్ బైక్ కొనొద్దని మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లకి ఒక మాట. ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదు, ప్రతిదీ వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి. తేదీ ఉన్న జాబ్ కార్డ్ లేకుండా బండి వదలకండి. 1915తో పని కాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చేయొచ్చు. అయిదు లక్షల లోపు ఖరీదు చేసినదానికి ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. నేను హెల్మెట్, హ్యాండ్లింగ్ డబ్బులు, ఆ రెండు ఈఎంఐల నష్టం కోసం వేశాను. మొదటి వాయిదా తేదీ ఇంకా రాలేదు.

బండికి బయటి షాపులో మంచి స్కిడ్ ప్లేటు బిగించాను. పోయిన ఆదివారం ఎస్.కోట దాకా వెళ్లి వచ్చి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా నిలబెట్టాను. పొద్దున చూస్తే ఆయిల్ చుక్క లేదు. అమ్మని వెనక కూర్చోమంటే మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు.