సయనోటైప్ కిట్టు, రెండేళ్ల వాడకం తర్వాత: అంతా బాగుంది, ఆ ‘పారే నీళ్లు’ తప్ప

సయనోటైప్ అంటే ఎండతో కాగితం మీద నీలం బొమ్మలు అచ్చువేసే పద్ధతి. కిట్టుతో వచ్చిన సూచనల కాగితంలో ఆరో అంశం ఇది: ‘పారే నీళ్ల కింద అయిదు నిమిషాలు కడగండి.’ రెండేళ్లుగా నా పేచీ అంతా ఈ ఒక్క ముక్కతోనే. అనంతపురంలో పారే నీళ్లంట! మా వీధికి కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు, అదీ తెల్లవారుజామున గంటసేపు. తాగడానికీ వంటకీ పట్టుకునేసరికే సరిపోతాయి. మిగతా అన్నిటికీ మిద్దె మీది ట్యాంకులో ఉన్న బోరు నీళ్లే.

పొడులు ఎలా కలపాలో, బ్రష్షు ఎలా పట్టుకోవాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. రెండు ద్రావణాలు కలిపి కాగితానికి పూసి, ఆరాక దాని మీద ఆకో నెగటివో పెట్టి ఎండలో ఉంచి కడిగితే నీలం బొమ్మ వస్తుంది, అంతే. ఎండకైతే మనకు కొదవా? 2023 ఉగాది దాటాక కొన్నా. మొదటి ఆదివారం మునగ రెమ్మ పెట్టి అయిదు నిమిషాలకే తీశా. 1843లో ఇంగ్లండులో అన్నా అట్కిన్స్ అనే వృక్షశాస్త్రవేత్త సముద్రపు నాచుతో ఇలాగే ఏకంగా పుస్తకమే మొదలుపెట్టారు. మనకి సముద్రం లేదు, పెరట్లో మునగచెట్టుంది. ఆ రోజు అదృష్టం కొద్దీ బకెట్టులో కొళాయి నీళ్లు మిగిలున్నాయి. వాటిలో ముంచితే ఆకుపచ్చ పసుపంతా కారిపోయి, ముదురు నీలంలో తెల్లటి రెమ్మ తేలింది. ఒక్కో ఆకు కాడ వెంట్రుకంత సన్నంగా, విడివిడిగా కనిపిస్తోంది. ఆ ఊపులో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి ‘డార్క్‌రూమ్ అక్కర్లేదు, ఎండ ఊరికే వస్తుంది, కొనేయండి’ అని చెప్పేశా.

రెండో వారం నుంచి తిప్పలు మొదలయ్యాయి. ఎండలోంచి తీసినప్పుడు కాగితం మసిబారిన ఇత్తడిలా ఉండేది. అది అలా ఉండాల్సిందే. టబ్బులో వేసి ట్యాపు తిప్పగానే నీలం తేలేది. రెండు నిమిషాలకు ఆ నీలం పలచబడేది. అయిదో నిమిషానికి ఉతికి ఉతికి వెలిసిపోయిన బడి చొక్కా రంగు. ఆరాక చూస్తే, తెల్లగా ఉండాల్సిన చోట వానకు తడిసిన సున్నం గోడ మీది చారల్లాంటి పసుపు.

కాగితం మీద అనుమానపడి మందపాటి (300 జీఎస్ఎం) వాటర్‌కలర్ కాగితం తెప్పించా. తర్వాత నెగటివు మీద పడ్డా. సప్తగిరి సర్కిల్ దగ్గర జిరాక్సు షాపులో ఫోటోను నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మార్చి ఇచ్చి ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీయమంటే, ఆ కుర్రాడు ‘అన్నా, ఫైలు పాడైపోయింది, ఇంకోటి పంపు’ అన్నాడు. ఇదే కావాలంటే నన్నోసారి, ఫోటోనోసారి చూశాడు. వెలుతురుకు పెట్టి చూస్తే అందులో నలుపు నిజంగానే పలచన. ఒకే ప్రింటు రెండు షీట్ల మీద తీయించి, అంచులు కలిపి టేపు వేస్తే ఆ బాధ తీరింది. వెలిసిపోవడం మాత్రం ఆగలేదు. చివరికి కిట్టు అమ్మినవాళ్లకు రాశా. ‘సరిగా కడగడం లేదు, పారే నీళ్ల కింద ఇంకాసేపు ఉంచండి’ అని జవాబొచ్చింది. పదిహేను నిమిషాలు ఉంచా. బొమ్మ దాదాపు లేకుండా పోయింది.

అలా పోయింది మా నాయన పెళ్లినాటి ఫోటో. ఆరేసిన కాగితాన్ని మా అమ్మ చూసింది.

‘మీ నాయన మొగం ఎందుకురా ఇట్లా వెలిసిపోయింది? ఏం నీళ్లు పోసినావు దీనికి?’

‘బోరు నీళ్లేమా.’

‘ఆ నీళ్లలో కందిబ్యాళ్లే ఉడకవు. బొమ్మ నిలుస్తాదా?’

నాలుగు నెలలు నేను పట్టుకోలేనిది అది. ఈ నీలానికి క్షారం పడదు. మా బోరు నీళ్లలో ఉండేదే అది: గిన్నెల అడుగున, హీటరు రాడ్డు చుట్టూ తెల్లగా పెంకు కట్టే సరుకు. ఎంతసేపు కడిగితే అంతగా నీలాన్ని తినేస్తుంది. ఇందులో నా తెలివి ఇంకోటి ఉంది. ద్రావణం కలిపేటప్పుడు సూచనల కాగితంలో డిస్టిల్డ్ వాటర్ అని ఉందని పనిగట్టుకుని బ్యాటరీ షాపుకెళ్లి బ్యాటరీ నీళ్లు తెచ్చా. పావు లీటరు కూడా పట్టని దానికి అంత శ్రద్ధ, బకెట్లు పట్టే కడుగుడికి బోరు ట్యాపు!

ఆ సాయంత్రమే ఒక ప్రింటును కత్తెరతో రెండు ముక్కలు చేసి, ఒకటి బోరు నీళ్లలో, ఒకటి మినరల్ క్యాను నీళ్లలో వేసి పది నిమిషాలు కూర్చున్నా. రెండూ పక్కపక్కన పెడితే ఒకే కాగితంలోవంటే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు నేను చేసేది ఇది. మూడు ప్లాస్టిక్ టబ్బులు, ఒక్కోదానిలో లీటరున్నర క్యాను నీళ్లు. మొదటి దాంట్లో, క్షారానికి విరుగుడుగా, అర చెంచా నిమ్మ ఉప్పు. అది లేనప్పుడు ఓ నిమ్మకాయ పిండి, గింజలు రాకుండా వడకట్టి పోస్తా. మూడు నిమిషాలు ముంచి, రెండో దాంట్లోకి, ఆపైన మూడో దాంట్లోకి. అయిదారు ప్రింట్ల దాకా అవే నీళ్లు. ట్యాపు జోలికే పోను. పులుపు మంచిదంటున్నా కదా అని బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. కిట్టులోని ఒక పొడి గాఢమైన యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. వంటింటి పులుపు చాలు.

ఇక ఫోన్లు చేసి పొగిడిన మాటలు. డార్క్‌రూమ్ అక్కర్లేదు, నిజమే. కానీ పూత పూయడానికి రాత్రి దాకా ఆగాలి, వంటిల్లు ఖాళీ అవ్వాలి, జీరో బల్బు తప్ప ఇంకేదీ వెలగకూడదు. శనివారం రాత్రి పదింటికి ఎవరైనా మంచినీళ్లకు వచ్చి లైటు వేస్తే నాలుగు కాగితాలు గోవిందా. ఎండ ఊరికే వస్తుంది, అదీ నిజమే. మే నెల మధ్యాహ్నం పచ్చి ఆకు పెడితే గాజు కింద చెమట పట్టి మరకలవుతాయి. రెండు రోజులు పాత పేపర్లలో అణిచి పెట్టాల్సిందే. ఆషాఢం గాలికైతే గాజు పలకే లేచిపోయింది ఒకసారి. రెండు ద్రావణాల్లో ఆకుపచ్చగా ఉండేదానికి వానాకాలంలో సీసాలోనే బూజు పట్టింది. వడకట్టి వాడితే పని చేసింది గానీ మొదటిసారి చూసినప్పుడు పారేద్దామనుకున్నా.

ఇన్ని తిట్టినా సీసాలు రెండోసారి తెప్పించడానికి కారణం ఒక జింక. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో కొన్న చిన్న తోలుబొమ్మ అది, జానెడు ఉంటుంది. మేకతోలు మీద ఉలితో పొడిచిన చిల్లులే దాని నగలు, చారలు అన్నీ. కాగితం మీద పెట్టి ఎనిమిది నిమిషాలు ఎండలో ఉంచా. తోలు అడ్డుపడిన చోట తెలుపు, చిల్లుల్లోంచి వెలుతురు దిగిన చోట నీలం చుక్కలు. మెడ దగ్గర సూదిమొనంత చుక్కలు కూడా పోలేదు, మెడ చుట్టూ పూసలు గుచ్చినట్టు పడ్డాయి. తోలు పలచగా ఉన్న చెవుల దగ్గర మాత్రం లేత నీలం పాకింది. అక్కడ తోలు సన్నమని బొమ్మను చేత్తో పట్టుకున్నప్పుడు నాకు తెలీలేదు. మిద్దె మీదే కూర్చుని చాలాసేపు చూశా.

బోరు నీళ్లు పాడుచేసిన కట్టలో మరీ వెలిసిపోయిన నాలుగింటిని చిక్కటి టీ డికాషన్లో నానబెడితే గోధుమ, నలుపు కలిసిన పాత ఫోటో రంగొచ్చింది. మా నాయన పెళ్లి ఫోటో అలాగే కొంత దక్కింది. అమ్మ దాన్ని అల్మారా తలుపుకు లోపలివైపు అతికించింది. హాల్లో పెట్టుకునేంత బాగుందని మాత్రం అనలేదు.

కొనచ్చా అంటే, మీ ఇంట్లో ఏ నీళ్లొస్తాయో చూసుకోండి. ఏటి నీళ్లు కొళాయిలో వచ్చేవాళ్లకు నా గోల సగం వర్తించకపోవచ్చు. నాకు సొంత మిద్దె ఉంది, ఆదివారం సెలవుంది, వారానికో క్యాను నీళ్లు బొమ్మలకు పోస్తే ఊరుకునే అమ్మ ఉంది. అద్దె ఇంట్లో మూడో అంతస్తులో, ఎండ పడని బాల్కనీతో ఉండేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. మూడోసారి కొంటే నేను కిట్టు కొనను, రెండు పొడులూ విడిగా తెప్పించుకుంటా. ఆ ఆరో అంశం ఉన్న కాగితం వాటితో రాదు.