బొమ్మ ఎదురు మాట్లాడితే: గుటెన్‌బర్గ్ ఉచిత ప్రతిలో షా ‘పిగ్మాలియన్’

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉచితంగా అందిస్తున్న జార్జ్ బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ ఈ-పుస్తకంలో ఐదంకాల నాటకంతో పాటు రచయిత ముందుమాట, చివర ఆయనే వచనంలో రాసిన అనుబంధం ఉన్నాయి. ఈ ప్రతిని చదవమని చెప్పడానికి నాకు ముఖ్య కారణం ఆ అనుబంధమే.

నాటకం పేరుకు మూలం ఓ పాత కథ. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ఆ కథలో సైప్రస్ శిల్పి పిగ్మాలియన్ తాను దంతంతో చెక్కిన బొమ్మనే వలచి, వీనస్ ఉత్సవం నాడు ఆ దేవతను వేడుకొని, దానికి ప్రాణం వచ్చేలా చేసుకుంటాడు. ఆ కన్యకు అక్కడ పేరు లేదు, నోట ఒక్క మాట లేదు. కళ్లు తెరిచి ఆకాశాన్నీ ప్రియుణ్ణీ ఒకేసారి చూస్తుంది, అంతే. 1598లో ఆంగ్ల కవి జాన్ మార్‌స్టన్ దీన్ని శృంగార కావ్యంగా పెంచి రాస్తే, మరుసటి ఏడాది మతాధికారుల ఆజ్ఞ మేరకు దాన్ని తగలబెట్టారు. 1871లో ఆంగ్ల నాటకకర్త డబ్ల్యూ. ఎస్. గిల్బర్ట్ తన నాటకంలో శిల్పికి ఒక భార్యను కల్పించి, బొమ్మ చేత మాట్లాడించి, చివరకు ఆమెను మళ్లీ రాయిని చేశాడు.

షా ఆ దారి పట్టలేదు. 1913లో వియన్నాలో జర్మన్ భాషలో, 1914లో లండన్‌లో ప్రదర్శితమైన ఈ నాటకంలో శిల్పి స్థానంలో ధ్వనిశాస్త్రవేత్త హిగిన్స్ నిలుస్తాడు. అతను చెక్కేది పూలమ్ముకునే ఎలైజా యాసను. పని పూర్తయ్యాక ఆమె అతని చెప్పులు తీసి అతని మీదికే విసురుతుంది. అయినా ప్రేక్షకులు వాళ్లిద్దరి పెళ్లినే కోరుకున్నారు. లండన్‌లో హిగిన్స్ వేషం కట్టిన బీర్‌బోమ్ ట్రీ తెర పడే ముందు ఎలైజాకు పువ్వులు విసిరి ఆ ఆశకు ఊతమిచ్చాడు. దానికి జవాబే ఈ అనుబంధం: ఎలైజా తనను ప్రేమించిన యువకుడు ఫ్రెడ్డీని పెళ్లాడి, హిగిన్స్ మిత్రుడు కర్నల్ పికరింగ్ సాయంతో రైల్వేస్టేషన్ ఆవరణలో పూలకొట్టు పెడుతుంది. ఆ కొట్టు నష్టాల వివరం కాస్త సాగిన మాట నిజం. (ప్రేమకథకు జమాఖర్చులు రాసిన రచయిత మరొకరు ఉన్నారో లేదో!) అయినా సృష్టించినవాడు దేవుడిలా ప్రవర్తిస్తే సృష్టికి అతను పూర్తిగా నచ్చడన్న వాదన ఓవిడ్ వదిలేసిన మౌనాన్ని సూటిగా తాకుతుంది.

ఈ ప్రతిలో పాదసూచికలు లేవు. తర్వాతి కాలంలో సినిమా కోసం రాసిన దృశ్యాలు లేనందున, ఎలైజా గొప్పవారి మధ్య నెగ్గుకొచ్చే ఘట్టం మూడవ, నాలుగవ అంకాల నడుమ తెర వెనుకే జరిగిపోతుంది. మొదటి అంకంలోని లండన్ యాస తెలుగు పాఠకులను తికమకపెడుతుంది కాని, కొద్ది మాటల తర్వాత దాన్ని అక్షరాల్లో పెట్టలేనని షాయే క్షమాపణ చెప్పి విరమించుకుంటాడు. పరీక్షల కోసం చదివేవారు వివరణలున్న ముద్రిత ప్రతిని కొనుక్కోవడం మేలు. మిగిలినవారికి ఇది చాలు.