281 గొప్పదా, 13,288 గొప్పదా?

మొదటిది వీవీఎస్ లక్ష్మణ్ ఒక్క ఇన్నింగ్స్‌లో కొట్టిన పరుగులు, రెండోది రాహుల్ ద్రవిడ్ టెస్టు కెరీర్ మొత్తం పరుగులు. హైదరాబాద్‌లో ఈ ప్రశ్న వేస్తే ఓట్లు ఎటు పడతాయో చెప్పక్కర్లేదు. లక్ష్మణ్ మనవాడు. నాకూ ఆయన ఆటంటే ప్రాణం. అయినా ర్యాంకులు రాయమంటే ద్రవిడ్ పేరే ముందు రాస్తాను.

2001 మార్చి, కోల్‌కతా. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మీద 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్, అంటే వెంటనే రెండో ఇన్నింగ్స్ ఆడుతున్నాం. వాళ్ల లెగ్ స్పిన్నర్ వార్న్ రఫ్‌లో (బౌలర్ల అడుగులకి పిచ్ చెదిరిన చోట) వేసిన బంతిని లక్ష్మణ్ ముందుకొచ్చి ఒకసారి మిడ్‌వికెట్ వైపు, అలాంటి బంతినే ఇంకోసారి కవర్స్ వైపు కొట్టాడు. నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడలేదు. అంత అందమైన 281 మళ్లీ చూస్తానని నేననుకోను. కానీ ఆ రోజంతా అవతలి ఎండ్‌లో ఉన్నది ద్రవిడ్. తన మూడో స్థానం లక్ష్మణ్‌కి పోయి, ఆరో స్థానంలో వచ్చి 180 కొట్టాడు.

లెక్కలు చూద్దాం. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 8,781 పరుగులు, సగటు 45.97, 17 సెంచరీలు. ద్రవిడ్ 164 టెస్టుల్లో 13,288, సగటు 52.31, 36 సెంచరీలు. అయితే ఈ అంకెలు లక్ష్మణ్‌కి కొంత అన్యాయం చేస్తాయి. ఆయన చాలాసార్లు ఐదు, ఆరు స్థానాల్లో దిగి టెయిలెండర్లతో, అంటే చివర్లో దిగే బౌలర్లతో ఆడాడు. 2010 మొహాలీలో నడుం నొప్పితో, తన బదులు పరిగెత్తే రన్నర్‌ని పెట్టుకుని, ఇషాంత్‌నీ ఓజానీ వెంటేసుకుని ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. అక్కడ కొట్టినవి 73. సెంచరీల పట్టికలో ఆ ఇన్నింగ్స్ కనిపించదు. ఆ టెన్షన్ తట్టుకోవడానికి నేనైనా లక్ష్మణ్‌నే పంపుతాను.

ఇక మన ఇంకో హైదరాబాదీ అజహరుద్దీన్. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ. ఆ ఘనత ఇంకెవరికీ దక్కలేదు. అద్భుతమైన ఘట్టమే కొలమానమైతే మూడో టెస్టుకే ఆయన్ని పైన కూర్చోబెట్టాలి. అది సరికాదని మనకే తెలుసు.

నన్ను ద్రవిడ్ వైపు తిప్పింది 2011 ఇంగ్లండ్ టూర్. నాలుగు టెస్టులూ ఓడిపోయాం. లక్ష్మణ్ సహా మిగతా బ్యాటర్లలో ఎవరికీ సెంచరీ లేదు. 38 ఏళ్ల ద్రవిడ్ మూడు కొట్టాడు. గెలుపు దక్కని ఆ పరుగుల్ని ఎవరూ పోస్టర్లలో పెట్టుకోరు. ర్యాంకులు ఇచ్చేటప్పుడు నాకు వాటి బరువే ఎక్కువ.

అందుకే నా పట్టికలో లక్ష్మణ్‌ని సగటు చెప్పే చోటు కంటే రెండు మూడు మెట్లు పైకి ఎక్కిస్తాను. ద్రవిడ్ కంటే పైకి మాత్రం కాదు.