చెక్క డీర్ బ్లైండ్: కొన్ని సీజన్లు వాడాక

డీర్ బ్లైండ్ అంటే జింకలకు కనపడకుండా కూర్చుని వేటాడే గది. అమెరికాలో టెక్సాస్ హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలో లీజుకు తీసుకున్న నేలలో మేమే కట్టుకున్న చెక్క మంచె ఇది. ఆరడుగులు, ఎనిమిదడుగుల గది, నేలకు పదడుగుల ఎత్తున. మన దేశంలో జింకల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడ లైసెన్సు ఉంటే నవంబరు మొదటి శనివారం నుంచి రైఫిల్ సీజను.

మంచె కాళ్లకు ప్రెషర్ ట్రీటెడ్ కలప, అంటే పుచ్చకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన కలప, వాడాం. దానికి పట్టించే మందులో రాగి ఉంటుంది, మామూలు మేకుల్ని తినేస్తుంది. అందుకే స్క్రూలూ బోల్టులూ అన్నీ హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వే, అంటే కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి. నాలుగు మూలల నుంచి స్టీలు కేబుళ్లు లాగి నేలలోకి దించిన యాంకర్లకు బిగించాం. కింద సున్నపురాయి కావడంతో అవి దిగడానికి నానా తంటాలు పడ్డాం గానీ, గాలివానలకు మంచె కదల్లేదు.

డబ్బు పెట్టాల్సింది మాత్రం కిటికీల మీద. మొదట పెట్టిన ప్లెక్సీగ్లాస్ (గాజులాంటి ప్లాస్టిక్) పలకలు గీతలు పడి మసకబారాయి, తీసినప్పుడల్లా కిర్రుమనేవి. ఆ చప్పుడు చాలు, జింక తోకెత్తి మాయం. ఇప్పుడున్నవి అల్యూమినియం ఫ్రేములో పక్కకు జరిపే గాజు కిటికీలు. గాడిలో కొవ్వొత్తి రుద్దితే సడి ఉండదు. కిటికీ ఎత్తు ప్లాన్ చూసి కోయకండి. మీ కుర్చీలోనే కూర్చుని, ఖాళీ రైఫిల్ పట్టుకుని, అది ఏ ఎత్తున ఆనుతుందో అక్కడ గీత గీయండి. లోపలి గోడలకు నల్లరంగు వేశాం. ఎదురెదురు కిటికీలు ఒకేసారి తెరవం, వెనక వెలుగులో మన ఆకారం తెలిసిపోతుంది. నేల మీద కార్పెట్ చెమ్మ పట్టి ఎలుకలకు ఇల్లయింది. రబ్బరు మ్యాట్ నయం.

జింకలకు మొక్కజొన్న చల్లే ఫీడర్‌కు తూర్పున మంచె కట్టాం. ఇక్కడ ఎక్కువగా దక్షిణపు గాలి, చలి దిగిన రోజు ఉత్తరపు గాలి. ఎటు వీచినా మన వాసన ఫీడర్ వైపు పోదు. పొద్దున సూర్యుడు వీపు వెనకే. సాయంత్రం మాత్రం ఎండ సూటిగా కళ్లలోకి, టోపీ కిందికి లాక్కోవడమే.

నిచ్చెన తీసేసి చేతిపట్టున్న మెట్లు పెట్టాక మోకాళ్లకు శ్రమ తగ్గింది. రైఫిల్‌లో తూటాలు పైకెక్కాకే. సందు దొరికితే కందిరీగలు కాపురం పెడతాయి కాబట్టి సీజనుకు ముందు పొడవాటి కర్రతో తలుపు తోసి చూడందే ఎవర్నీ ఎక్కనివ్వను. ప్రొపేన్ గ్యాస్ హీటర్ వెలిగిస్తే కిటికీ కాస్త తెరిచి ఉండాల్సిందే, దాన్నుంచి రాగల కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

రంగు వెయ్యడం, సందులు పూడ్చడం తప్పని చాకిరీ. అంత ఓపిక లేనివాళ్లు ఫైబర్‌గ్లాస్ రెడీమేడ్ పెట్టె కొనుక్కోవచ్చు, ఖరీదు ఎక్కువైనా ఈ పని ఉండదు. మాకు ఇద్దరు పెద్దలు, ఓ పిల్లాడు ఇరుక్కోకుండా కూర్చునే చోటు కావాలి. అంత పెట్టెను పదడుగుల పైకి ఎక్కించాలంటే ట్రాక్టర్ తెప్పించాలి. చెక్కయితే పలకా పలకా మేమే మోసుకెళ్లాం.