మా ఊరి సున్నపురాయి గని పర్యావరణ నివేదిక చదివాను

ఐదుకి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ రెండూ గాలి, శబ్దం కొలిచిన పట్టికలకే.

మాది పల్నాడు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను, ఇప్పుడు నాలుగెకరాల మిరప చేస్తున్నాం. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో సున్నపురాయి గని వస్తోందని, ప్రజాభిప్రాయ సేకరణ ఉందని పేపర్లో ప్రకటన పడింది. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. గని వల్ల గాలికి, నీళ్లకు ఏమవుతుందో చెప్పే ముసాయిదా నివేదికనూ, దాని తెలుగు సారాంశాన్నీ జనానికి అందుబాటులో పెట్టాలి. మా పంచాయతీ ఆఫీసులో పెట్టారు. ఇంగ్లీషులో నాలుగు వందల పేజీల పైమాటే, తెలుగులో పద్దెనిమిది. రెండూ చదవడానికి పది రోజులు పట్టింది.

తెలుగు సారాంశాన్ని రామాలయం అరుగు మీద పెద్దవాళ్లకు చదివి వినిపించాను. మూడో పేజీకే ఆపాల్సి వచ్చింది. 'పరారీ ధూళి' అని రాశారు. గనిలో, రోడ్డు మీద లేచే దుమ్ము అంటే ఎవరికైనా తెలుస్తుంది కదా! మా అత్తయ్య చివరిదాకా విని, "ఇందులో మన బావి ఎక్కడుందే అమ్మాయ్?" అని అడిగింది. వెతికాను. గని చుట్టూ పది కిలోమీటర్లు అధ్యయనం చేశామన్నారు, నీళ్లు మాత్రం ఎనిమిది చోట్ల చూశారు. మా ఊరి బావి ఒక్కటీ లేదు.

నన్ను బాగా బాధపెట్టింది ఈ నీళ్ల అధ్యాయమే. వానాకాలం కాకుండా ఒక సీజన్‌లో కొలిస్తే చాలని నిబంధన. వీళ్లు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కొలిచారు. అప్పుడు సాగర్ కుడి కాలువ పారుతుంటుంది, బావుల్లో నీళ్లు పైకే ఉంటాయి. మే నెలలో రండి, మా బోరు అరగంట పోసి ఆగిపోతుంది. గని లోతు పెరిగి భూగర్భజలాన్ని తాకినప్పుడు దాన్ని తోడి బయటికి పోస్తారు. ఆ దెబ్బ ఎంతో తెలియాలంటే నీళ్లు అడుగంటిన నెలలో కొలవాలి. రాసినవాళ్లకు ఇది తెలియదని నేననుకోను. నివేదిక రాసే సంస్థకు డబ్బు కట్టేది గని పెట్టేవాళ్లే. పద్ధతే అలా ఉంది.

గాలి పట్టిక మాత్రం శుభ్రంగా ఉంది. చోటు, తేదీ, అంకె అన్నీ ఇచ్చారు. పీఎం10 అంటే గాలిలో తేలే సన్నటి దుమ్ము. 24 గంటల సగటుకు దాని పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అన్ని చోట్లా అంతకన్నా తక్కువే వచ్చింది. అయితే మార్చిలో మా మిరపకాయలు కల్లాల్లో ఆరుతుంటాయి. తెల్ల దుమ్ము పడిన కాయకు గుంటూరు యార్డులో ఏం ధర పలుకుతుంది? కల్లం అనే మాటే నివేదికలో లేదు.

ఇక కార్బన్ సంగతి. గని విస్తీర్ణంలో 33 శాతం పచ్చదనం పెంచుతాం, వేప, కానుగ నాటుతాం అని ఒక పేరా రాసి వదిలేశారు. రాయి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఫ్యాక్టరీకి టిప్పర్లలో పోతుందని, రోజుకు 140 ట్రిప్పులని వేరే అధ్యాయంలో వాళ్లే రాశారు. నేను కాగితం మీద లెక్క వేశాను. రానూపోనూ 18 కిలోమీటర్లు, లీటరుకు మూడు కిలోమీటర్లు అనుకుంటే ట్రిప్పుకు ఆరు లీటర్లు, రోజుకు 840 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క రవాణాకే రోజుకు రెండుంబావు టన్నులు. ఇంత చిన్న లెక్క నాలుగు వందల పేజీల్లో ఎందుకు లేదు? మేఘాలయ నుంచి బంగ్లాదేశ్‌లోని ఛాతక్ సిమెంటు ప్లాంటుకు సున్నపురాయి 17 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద పోతుంది. మా తొమ్మిది కిలోమీటర్లకు పైకప్పున్న బెల్టు వేస్తే డీజిల్ ఆదా అవుతుంది, రోడ్డు మీద దుమ్ము తగ్గుతుంది, బడి పిల్లలకు టిప్పర్ల భయం ఉండదు. ప్రత్యామ్నాయాల అధ్యాయంలో దీని గురించి ఒక్క వాక్యం రాసినా మూడో నక్షత్రం ఇచ్చేదాన్ని.

సభలో ఈ మూడూ చెప్పాను: మే నెల నీటిమట్టం, కల్లాలు, బెల్టు. రాసి కూడా ఇచ్చాను. చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్నది, తెలుగులో చదివినప్పుడు మూడూ వినిపించాయి. సభలో వచ్చిన అభ్యంతరాలకు తుది నివేదికలో జవాబు రాయాలి. అది వచ్చిన రోజు ముందుగా నీళ్ల పేజీ తీసి, మా బావి ఉందో లేదో అత్తయ్యకు చెబుతాను.