కన్నూరు దినేశ్ గొడుగు, కొబ్బరిపాలు, సాంబారు పొడి: బీడీ కార్మికుల సరుకు ఎలా ఉందంటే

ముందు గొడుగు సంగతి. కేరళలోని కన్నూరులో దినేశ్ సహకార సంఘం వాళ్ల షాపులో కొన్న మూడు మడతల నల్ల గొడుగు ఇది, పోయిన వానాకాలమంతా వాడాను. బటన్ నొక్కితే గట్టిగా తెరుచుకుంటుంది, ఊచలు వంగలేదు, కుట్ల దగ్గర నీళ్లు దిగలేదు. ఆర్మూర్ బస్టాండు దగ్గర ఈదురుగాలికి ఒకసారి పూర్తిగా వెనక్కి తిరగబడింది, మూసి మళ్లీ తెరిస్తే మామూలుగానే నిలబడింది. ఫుట్‌పాత్ మీద దొరికేవాటి కంటే ధర ఎక్కువ, బరువు కూడా కాస్త ఎక్కువ. నాకైతే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది.

కొబ్బరిపాలు చిక్కగా ఉన్నాయి. బగారన్నంలో పోశాను, కోడికూరలో పోశాను, రెండూ బాగా కుదిరాయి. సాంబారు పొడిలో ధనియాలు, ఇంగువ వాసన ముందు తగులుతుంది, కారం తక్కువ. మా నిజామాబాద్ ఇళ్లలో తినే కారానికి అలవాటు పడ్డవాళ్లు ఒక చెంచా కారప్పొడి అదనంగా వేసుకోవాలి, పులుసుకు చింతపండు కూడా కొంచెం పెంచాలి. ఇది రుచుల తేడా మాత్రమే, పొడి తాజాగానే ఉంది.

మామూలుగా ఇలాంటి సరుకులకు రెండు ముక్కలు రాసి వదిలేస్తాను. ఈసారి ఇంత రాయడానికి కారణం, ఈ సరుకు అమ్ముతున్నది ఒకప్పుడు బీడీలు చుట్టిన కార్మికులు పెట్టుకున్న సహకార సంఘం. మా అమ్మ కూడా బీడీలు చుట్టింది. అందుకే షాపులోకి వెళ్లాక ఒక్క గొడుగుతో బయటికి రాలేకపోయాను.

కథ 1966లో మొదలవుతుంది. బీడీ, చుట్ట కార్మికుల కోసం పార్లమెంటు ఆ ఏడాది ఒక చట్టం చేసింది. పనిగంటలకు హద్దు, వారానికి ఒక సెలవు, జీతంతో కూడిన సెలవులు, పని చేసే షెడ్డులో కనీస వసతులు, ఇలాంటివి అందులో ఉన్నాయి. యూనియన్లు ఏళ్ల తరబడి అడిగినవే అవన్నీ. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. చాలా రాష్ట్రాలు తాత్సారం చేస్తుంటే కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వం 1968లో అమలుకు దిగింది. అప్పటిదాకా కన్నూరు చుట్టుపక్కల బీడీలు చుట్టించింది ఎక్కువగా మంగళూరు కంపెనీలు. ఈ ఖర్చు భరించలేమంటూ ఆ అక్టోబరులో వాళ్లు కేరళలో కార్ఖానాలు మూసేసి, పనిని కర్ణాటకలో ఇళ్లకు పంచిపెట్టే పద్ధతిలోకి మార్చుకున్నారు. దాదాపు 12,000 మంది రోడ్డున పడ్డారు.

ఇక్కడిదాకా చదివితే చాలామంది అనే మాట ఒకటే, చూశారా, యూనియన్ల వల్ల ఉన్న ఉద్యోగాలు పోయాయి అని. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించినప్పుడు కూడా మా దగ్గర ఇలాంటి మాటలు విన్నాను. రైతుల సహకార సంఘానికి అప్పగిద్దామన్న ఆలోచన అక్కడా వచ్చింది, ముందుకు పడలేదు. కన్నూరులో పడింది.

1969 ఫిబ్రవరిలో కార్మికులే కేరళ దినేశ్ బీడీ సంఘం పెట్టుకున్నారు. వాటాధనం కట్టడానికి కార్మికుల చేతిలో డబ్బు లేదు, ప్రభుత్వం అప్పు ఇచ్చింది. పరిశ్రమల శాఖ నుంచి జి.కె. పణిక్కర్ అనే అధికారిని చైర్మన్‌గా తెచ్చుకున్నారు. ఇది నాకు బాగా నచ్చిన విషయం. నినాదాలు ఇవ్వడం వచ్చినవాళ్లకు ఆకు ఎక్కడ కొనాలి, తంబాకు ఏ పాళ్లలో కలపాలి, ఏ ఊళ్లో అమ్మాలి అన్నవి కూడా తెలియాలి, తెలియకపోతే తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోవాలి. వాళ్లు అది చేశారు. పైన ఒక కేంద్ర సంఘం, కింద ఊళ్లలో ప్రాథమిక సంఘాలు, వాటిని నడిపే డైరెక్టర్లను కార్మికులే ఎన్నుకోవడం.

మొదట పనిలోకి తీసుకున్నది మూడు వేల మందిని. 1980లలో ఆ సంఖ్య 42,000 దాకా వెళ్లింది. యజమానులు భరించలేమన్న ఆ చట్టాన్ని పాటిస్తూనే, జీతం, సెలవులు, పీఎఫ్, బోనస్ ఇస్తూ దశాబ్దాల పాటు నడిపారు. చట్టం వల్లే పరిశ్రమ బతకదన్న వాదన ఇక్కడ నిలబడలేదని నేను గట్టిగా నమ్ముతాను.

కన్నూరు బీడీ షెడ్లలో ఇంకో ఆనవాయితీ ఉండేది. ఒకరు గట్టిగా పేపరు చదువుతుంటే మిగతావాళ్లు చుట్టుకుంటూ వినేవాళ్లు, చదివినవాళ్ల వాటా బీడీలు మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవాళ్లు. వార్తలు, కథలు, నవలలు, రాజకీయాలు అన్నీ అలా విన్నవాళ్లు వాళ్లు.

మా ఇంట్లో అది లేదు, అరుగు మీద చాట పెట్టుకుని అమ్మ ఒక్కతే. మా అమ్మ ఆకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలు చేయడానికి పొద్దున వంట అయినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా పట్టేది. అక్కకూ నాకూ సెలవుల్లో అంచులు మడిచే పని. పట్టుకెళ్లి ఇస్తే కంపెనీ మనిషి కొన్ని కట్టలు బాగాలేవని ఛాట్ తీసి పక్కన పెట్టేవాడు. వాటికి కూలీ లేదు, బీడీలూ తిరిగి ఇచ్చేవాడు కాదు. ఆకు తక్కువ తూచి ఇచ్చిన వారం మా డబ్బుతో బయట కొనేవాళ్లం. బాగాలేవని ఛాట్ తీసే వాటికి కూడా ఒక హద్దు ఉందని, అదే 1966 చట్టం కింద నిబంధనల్లో ఉందని నాకు డిగ్రీలో తెలిసింది. అమ్మకు ఎవరూ చెప్పలేదు. కన్నూరు గురించి ఫోన్‌లో చెబితే అమ్మ అన్నది ఇదే: "గట్ల అందరం ఒక్కతాన కూసొని చుట్టుంటే గా మనిషి అన్ని కట్టలు తీసి పక్కకు పెడ్తుండెనా బిడ్డా."

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. కార్ఖానా పోయి పని ఇళ్లలోకి వచ్చాక కార్మికులు ఒకరికొకరు కనబడరు. యూనియన్ పెట్టాలంటే ముందు పక్కవాళ్లకు ఎంత ఇస్తున్నారో తెలియాలి కదా. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు లక్షల మంది ఆడవాళ్లు ఇలాగే చుట్టారు. యూనియన్లు లేవని కాదు, పీఎఫ్ కోసం, రేటు కోసం ధర్నాలు చాలా జరిగాయి, తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు జీవనభృతి కూడా వచ్చింది. కానీ కంపెనీకి, మనిషికి మధ్య కమీషన్‌దారు ఉన్నంతకాలం మేనేజ్‌మెంట్ ఎవరో అమ్మలాంటి వాళ్లకు కనబడలేదు.

ఇక దినేశ్‌లో అంతా బాగుందని చెప్పను. ఇప్పుడు ఆ 42,000 మందిలో చిన్న భాగమే మిగిలింది. ఇళ్లలో తక్కువ కూలీకి చుట్టించిన బయటి రాష్ట్రాల బీడీ చౌకగా దొరుకుతుంటే, పూర్తి జీతం ఇచ్చి చుట్టిన బీడీ దుకాణంలో ఎంతకాలం పోటీపడుతుంది? 1999లో కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధించింది. కొత్త తరం బీడీ ముట్టడం తగ్గించింది. 2017లో జీఎస్టీ 28 శాతం పడింది. ఇందులో పొగ తగ్గడం మంచిదే, తంబాకు దుమ్ముతో అమ్మకు వచ్చిన దగ్గు చూసినదాన్ని, ఆ అమ్మకం పెరగాలని ఎప్పుడూ కోరుకోను. నాకు బాధ కలిగించేది మొదటి కారణం. చట్టం దేశమంతటిదీ, అమలు మాత్రం ఒక్కచోట. మా అమ్మలాంటి వాళ్లకు ఎంత తక్కువ ఇస్తే కన్నూరు వాళ్ల పని అంత త్వరగా పోయింది, అలాగని అమ్మ బతుకు బాగుపడిందీ లేదు.

అయినా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. బీడీ అమ్మకం పడిపోతుందని ముందే చూసి 1990ల చివరి నుంచే మసాలాలు, కొబ్బరిపాలు, పచ్చళ్లు, జామ్, తర్వాత గొడుగులు, బట్టల కుట్టు, ఇలా వేరే పనుల్లోకి వెళ్లారు. పోయిన ఉద్యోగాలన్నిటికీ ఇవి సరిపోవు, మసాలా మిల్లులో పట్టే మనుషులు బీడీ షెడ్డులో పట్టినంత మంది కారు. కానీ మార్కెట్ మారుతోందని గమనించి ఉన్న సొమ్మును కొత్త పనిలో పెట్టడం మంచి మేనేజ్‌మెంట్ చేయాల్సిన పనే, అది కార్మికుల సంఘం చేసింది. మా జిల్లాల్లో బీడీ మీద కోట్లు సంపాదించిన వాళ్లలో ఎంతమంది ఆ ఆడవాళ్లకు ఇంకో పని చూపించారని అడగాలనిపిస్తుంది.

కొనాలనుకునేవాళ్లకు: కన్నూరు వైపు వెళ్తే షాపు తప్పకుండా చూడండి. మా నిజామాబాద్ కిరాణాల్లో నాకు ఈ సరుకు కనబడలేదు. మొదటిసారి అయితే కొబ్బరిపాలతో మొదలుపెట్టండి, మన వంటకు అన్నిటికంటే తేలిగ్గా కలిసిపోయేది అదే. సాంబారు పొడి చిన్న ప్యాకెట్ తీసుకుని రుచి చూశాకే పెద్దది కొనండి. గొడుగు మాత్రం రెండు కొనండి, నాది అమ్మ తీసేసుకుంది.