జాగ్రత్త: క్యాండీ మెషిన్లను చోట్లతో సహా కట్టగట్టి అమ్మే వారి దగ్గర సంతకం పెట్టేముందు

నాణెం వేసి పిడి తిప్పితే గుప్పెడు మిఠాయి బిళ్ళలు రాలే చిన్న మెషిన్లతో వ్యాపారం మొదలుపెట్టాలని ఆలోచిస్తున్న వారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఏడాదిన్నర క్రితం నేను ఒక్కొక్కటి మూడు డబ్బాలున్న మెషిన్లు పదింటిని, వాటిని నిలబెట్టడానికి పది దుకాణాలలో చోటుతో సహా, ఒకే విక్రేత దగ్గర ఒకే ఒప్పందం కింద కొన్నాను. మెషిన్లు చెప్పిన రోజుకే వచ్చాయి, చెప్పినట్టే పనిచేశాయి. నేను మోసపోయినది మెషిన్ల దగ్గర కాదు, చోట్ల దగ్గర, లెక్కల దగ్గర. ఈ వ్యాపారంలో ఆ రెండూ తప్ప మరేమీ లేదన్న సంగతి డబ్బు కట్టాక గాని నాకు తెలియలేదు.

డబ్బు విలువ దేశానికో తీరు కనుక ఇక్కడ లెక్కలన్నీ నాణేలలోనే చెబుతాను. ఒక తిప్పుకు ఒక నాణెం. నేను ఒక్కొక్క మెషిన్‌కు 1,400 నాణేల విలువ చెల్లించాను. అదే నమూనా మెషిన్ వాడినది 450 నాణేలకు దొరుకుతుందని తరువాత తెలిసింది. విక్రేత నాకు చూపించిన కాగితం మీద ఒక్కో డబ్బాకు రోజుకు పది తిప్పులు, అంటే మెషిన్‌కు నెలకు 900 నాణేలు, ఖర్చులకు సగం పోయినా మూడు నెలలు దాటేసరికి పెట్టుబడి చేతికి వచ్చేస్తుందని రాసి ఉంది. అరచేతిలో వైకుంఠం చూపించడం అంటే ఇదే. ఆ పది అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. అడిగి ఉంటే ఏ దుకాణంలో, ఎన్ని నెలలు, ఎన్ని మెషిన్ల మీద లెక్కించారో చెప్పవలసి వచ్చేది.

నా పది మెషిన్ల మీద మొదటి నాలుగు నెలల సగటు, మెషిన్‌కు నెలకు 60 తిప్పులు. రోజుకు రెండు. వచ్చిన ప్రతి 100 నాణేలలో 25 దుకాణదారు వాటాగా, 28 మిఠాయి ఖరీదుగా, 30 ప్రయాణ ఖర్చుగా పోయేవి. కరిగి, ముద్దకట్టి, రంగు వెలిసి పారబోసిన సరుకు మరో 8 తినేసేది. మిగిలినవి 9. అరవై తిప్పుల మీద అది నెలకు ఐదు నాణేల పైచిలుకు. ఆ లెక్కన 1,400 నాణేలు తిరిగి రావడానికి ఇరవై ఒక్క సంవత్సరాలకు పైగా పడుతుంది. నా శ్రమకు కూలి ఇందులో కలపలేదు. కలిపితే లెక్క వేయడమే అనవసరం.

ఇక చోట్ల సంగతి. పది చోట్లు చూపించే పనిని విక్రేత మరొక సంస్థకు అప్పగించాడు. చోటుకు ఇంత అని రుసుము తీసుకుని, ఫోన్ మీదే దుకాణాలను ఒప్పించడం వాళ్ళ పని. నాకు ఇచ్చిన జాబితాలో దుకాణం పేరు, చిరునామా, ఎదురుగా ‘సమ్మతి లభించింది’ అన్న మాట ఉన్నాయి. మొదటి మెషిన్‌ను భుజాన వేసుకుని ఒక క్షౌరశాలకు వెళ్ళినప్పుడు, యజమాని ఆ జాబితాను రెండుసార్లు చదివి, తన దగ్గర ఆ పేరుతో పనిచేసే కుర్రాడు పోయిన వారమే మానేశాడనీ, వాడు ఫోన్‌లో దేనికి ‘సరే’ అన్నాడో తనకు తెలియదనీ చెప్పాడు. మూడో చోట రెండు నెలలు దాటాక దుకాణమే మూతపడింది. మరొక చోట తలుపు పక్కన అప్పటికే వేరే వారి మెషిన్ నిలబడి ఉంది. మొదటి మూడు నెలలు గడిచేసరికి పదింటిలో ఆరు చోట్లే మిగిలాయి. ‘అరవై రోజులలోపు ఒకసారి ఉచితంగా చోటు మార్చి ఇస్తాం’ అన్న హామీ ఒప్పందంలో ఉన్న మాట నిజమే. అయితే నా నాలుగు చోట్లలో మూడు పోయినది అరవై రోజుల తరువాత. నాలుగోదానికి మార్చి ఇచ్చిన చోటు, పగలంతా మూసి ఉండి సాయంత్రం రెండు గంటలు మాత్రం తెరిచే ఒక కార్యాలయం.

దుకాణదారు నోటిమాట చాలదు. యజమాని సంతకం, వాటా ఎంత, ఎన్నాళ్ళు, మెషిన్ తీసేయమనాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్న నాలుగు మాటలు ఒక కాగితం మీద ఉండాలి. ఆ కాగితం కోసం మనిషి స్వయంగా వెళ్ళి మాట్లాడాలి. ఇది ఎవరికైనా బిడియం కలిగించే పనే, ఆ బిడియాన్నే ఈ సంస్థలు డబ్బు చేసుకుంటాయి. నేను తరువాత నా అంతట నేను వెతుక్కున్న మూడు చోట్లకు సగటున అరగంట చొప్పున పట్టింది. ఆ మూడూ ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలతో వచ్చిన పెద్దవాళ్ళు పది నిమిషాలైనా కూర్చుని ఎదురుచూసే చోటు, నడిచి దాటిపోయే చోటుకంటే ఎంతో మేలు. ఒక చోట రోజంతా ఎంతమంది లోపలికి వస్తారన్నదానికన్నా, వచ్చినవారు ఎంతసేపు ఊరికే ఉంటారన్నది ముఖ్యం.

విక్రేత నన్ను మాట్లాడమని ఇద్దరు ‘పాత కొనుగోలుదారుల’ ఫోన్ నంబర్లు ఇచ్చాడు. ఇద్దరూ ఒకే ధోరణిలో, ఇంచుమించు అవే మాటలతో, ఈ వ్యాపారం తమ జీవితాన్ని నిలబెట్టిందని చెప్పారు. ఇలా డబ్బు పుచ్చుకుని పొగిడే మనుషులకు అమెరికాలో ‘సింగర్లు’, అంటే పాట పాడేవాళ్ళు, అని పేరుందని తరువాత తెలిసింది. అక్కడ ఈ వెండింగ్, అంటే అమ్మకపు మెషిన్ల, మోసాలు ఎంత ముదిరాయంటే, 1998లో వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాష్ట్రాల అధికారులతో కలిసి ‘ఆపరేషన్ వెండ్ అప్ బ్రోక్’ పేరుతో కేసులు పెట్టింది. 2012 మార్చి 1 నుంచి అక్కడ అమలులో ఉన్న సవరించిన నిబంధన ప్రకారం, ఇలాంటి వ్యాపార అవకాశం అమ్మేవారు సంతకానికి గాని చెల్లింపుకు గాని కనీసం ఏడు రోజుల ముందే ఒక వెల్లడి పత్రం ఇవ్వాలి. తమ మీద ఉన్న కేసులు, డబ్బు వాపసు షరతులు, నిజంగా కొన్నవారి వివరాలు అందులో ఉండాలి. ఇంత రాబడి వస్తుందని చెబితే దానికి ఆధారం విడిగా రాసి ఇవ్వాలి. మీరున్న చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, అవే వివరాలు రాతపూర్వకంగా అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇవ్వనన్న విక్రేత ఇవ్వననడంతోనే సగం జవాబు చెప్పినట్టు.

నిజమైన పాత కొనుగోలుదారు నాకు తారసపడింది అనుకోకుండానే. ఒక దుకాణంలో నావంటి ఎర్ర మెషిన్‌ను నింపుతున్న ఒక పెద్దాయనను పలకరించాను. ఆయనకు తాళంచెవి సరిగా తిరగడం లేదు. సరదాకు నాది ఇచ్చి చూడమన్నాను. ఆయన మెషిన్ మూత నా తాళంచెవితో సాఫీగా తెరుచుకుంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. విక్రేత అందరికీ ఒకే తాళంచెవి ఇచ్చాడన్నమాట. ఎవరి గల్లా డబ్బా ఎవరైనా తెరవవచ్చు. నేను ఆ వారమే తాళాలన్నీ మార్పించాను, ఆ ఖర్చు పై లెక్కలో లేదు. ఆయనకు కూడా రోజుకు రెండు మూడు తిప్పులకు మించి లేవు. ఆయన పేరు మాత్రం విక్రేత నాకిచ్చిన జాబితాలో లేదు.

మెషిన్ గురించి విక్రేత చెప్పనివి మరికొన్ని ఉన్నాయి. డబ్బా అడుగున తిరిగే చక్రానికి ఉన్న గూడు ఎంత వెడల్పుగా ఉంటే అన్ని బిళ్ళలు రాలతాయి, దాన్ని మరలతో సర్దుకోవచ్చు. నాకు వచ్చిన ముప్పై చక్రాలూ పూర్తిగా తెరిచే ఉన్నాయి. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి పదిసార్లు తిప్పి చూస్తే 220 గ్రాములు వచ్చాయి, అంటే తిప్పుకు 22 గ్రాములు. కాగితం మీది లెక్క 15 గ్రాములకు వేసినది. నా సరుకు ఒకటిన్నర రెట్లు పోతోందన్న సంగతి నాలుగు నెలలు నేను గమనించనే లేదు. గూడును సర్దాక వందలో 28గా ఉన్న మిఠాయి ఖర్చు 19కి దిగింది. అయితే మరీ బిగిస్తే బిళ్ళలు అంచున ఇరుక్కుని నలిగి, ఆ పొడి పైన ఉన్న బ్రష్షులో చేరి, చివరికి పిడి కదలదు. నాణెం లోపల చిక్కుకున్న కుర్రవాడు మెషిన్‌ను గట్టిగా చరిచి, ఏడుపు మొహంతో దుకాణదారు వైపు తిరుగుతాడు. దుకాణదారు తన జేబులోంచి నాణెం ఇస్తాడు. ఇలా రెండు మూడు సార్లు జరిగితే వాటా ఎంత ఇచ్చినా ఆ చోటు మనది కాదు.

డబ్బాలను నిండుగా ఉంచితేనే కొనేవారి కన్ను పడుతుందని విక్రేత నొక్కి చెప్పాడు. మిఠాయి కూడా తానే అమ్ముతాడు కనుక ఆ సలహాకు అర్థం ఉంది. ఒక డబ్బాలో మూడు కిలోలు పడతాయి. తిప్పుకు 15 గ్రాముల చొప్పున అది 200 తిప్పులు. నెలకు 20 తిప్పులే ఉన్న డబ్బా ఖాళీ కావడానికి పది నెలలు పడుతుంది. పది నెలలు ఒకే మిఠాయి, ఎండ తగిలే అద్దం పక్కన. కోకో వెన్న 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడుతుంది. పైన చక్కెర పూత ఉన్నా లోపల చాక్లెట్ ఉన్న బిళ్ళలు అందుకే వేడి ఉన్న చోట పనికిరావు. పూత బిళ్ళలు గాలిలోని తేమను పీల్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకసారి నేను మూత తీసేసరికి లోపల ఉన్నదంతా డబ్బా ఆకారంలోనే ఒక ముద్దగా వచ్చింది, దాని చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. గల్లాలో 19 నాణేలు, రెండు ఇనుప వాషర్లు. వేరుశెనగ వంటి గింజల సంగతి ఇంకా కష్టం. నూనె వాసన పట్టడం ఒక ఎత్తు, గింజలు పడనివారికి ప్రాణాపాయం మరొక ఎత్తు. గింజలు తిరిగిన చక్రంలో ఇంకేదీ పోయకూడదు.

నేను ఇప్పుడు అంగుళం వ్యాసం ఉన్న బబుల్‌గమ్ గోళీలే వాడుతున్నాను. ఇవి తిప్పుకు ఒకటే రాలతాయి కనుక ఎక్కువ తక్కువల బాధ లేదు. 850 గోళీల పెట్టె అయిపోయిందంటే 850 నాణేలు ఉండాలి, లేకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. అతుక్కోవడమూ తక్కువే. అయితే మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డుపడే పరిమాణం కనుక ఆ హెచ్చరిక మెషిన్ మీద పెద్ద అక్షరాలలో అంటించాను. ఆహారపదార్థం అమ్మడానికి స్థానిక అనుమతి, పన్ను నమోదు, మెషిన్ మీద మన ఫోన్ నంబరు, ఇవన్నీ ముందుగా కనుక్కోవాలి.

ఒక ధార్మిక సంస్థ స్టిక్కర్ అంటిస్తే దుకాణదారు వాటా అడగడని కూడా విక్రేత చెప్పాడు. నిజమే, చాలామంది అడగరు. ఆ సంస్థకు నెలకు మెషిన్‌కు ఇంత అని కొద్ది మొత్తం కడితే చాలు, తక్కినదంతా మనదే. కొనేవాడు మాత్రం తన నాణెం మొత్తం పుణ్యానికి పోతోందనుకుంటాడు. నాకు మనసొప్పలేదు, వాటా ఇవ్వడమే నయమనిపించింది.

ఈ వ్యాపారమే బూటకం అని నేననడం లేదు. 1888లోనే న్యూయార్క్ రైలు ప్లాట్‌ఫారాల మీద చూయింగ్ గమ్ అమ్మే మెషిన్లు ఉన్నాయి. కరెంటు అక్కరలేని, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేని వస్తువు ఇది. కాని అది నాణేలు జేబులో ఉన్న కాలపు వస్తువు కూడా. నాణెం వాడకం తగ్గుతున్న చోట, ఒకే కొలత నాణేన్ని మాత్రం మింగే మెషిన్లు పదింటిని ఒక్కసారే కొనడం తొందరపాటు. వాడిన మెషిన్లు ఒకటో రెండో కొని, చోటు స్వయంగా వెతుక్కుని, మూడు నెలలు ప్రతి తిప్పూ పుస్తకంలో రాసుకుని చూడండి. కొనేముందు చక్రం, నాణెం పట్టే భాగం, తాళం విడిగా ఎవరి దగ్గరైనా దొరుకుతాయా అని అడగండి. డబ్బా పాలీకార్బనేటుతో చేసినదైతే దెబ్బకు నిలుస్తుంది, మామూలు అక్రిలిక్ అయితే బీటలు వారుతుంది. నాకు వచ్చినవాటిలో నాలుగు డబ్బాలు మొదటి ఏడాదిలోనే బీటలు వారాయి. వాటికి సరిపడే డబ్బాలు ఆ విక్రేత దగ్గర తప్ప మరెక్కడా లేవు.

ఇప్పటికే సంతకం పెట్టినవారు ఒప్పందం రద్దుకు గడువు ఉందేమో ఈ రోజే చూసుకోండి. ఉంటే ఫోన్ చేసి ఊరుకోకుండా, అందినట్టు రసీదు వచ్చే ఉత్తరం పంపండి. కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకుకు వెంటనే రాయండి. మెషిన్లు వచ్చి ఉంటే పెట్టెలు విప్పకండి. ‘ఏడాదిలోపు మెషిన్లు తిరిగి కొంటాం’ అని నాకు కూడా రాసి ఇచ్చారు. తిరిగి ఇవ్వబోతే, అది ప్యాకింగు విప్పని మెషిన్లకే వర్తిస్తుందని జవాబు వచ్చింది. విప్పకుండా వ్యాపారం చేయడం ఎలాగో వారు చెప్పలేదు. నా మెషిన్లలో మూడు నడుస్తున్నాయి, మూడింటిని తలా 150 నాణేలకు అమ్మేశాను, నాలుగు ఇంటి వెనక గదిలో దుప్పటి కింద ఉన్నాయి. ఫిర్యాదు నమోదైంది, విచారణ సాగుతోంది కనుక విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి ఒప్పందమే మీ చేతిలో ఉంటే, తిరిగి కొనే షరతు ఏ పేజీలో ఉందో ముందు వెతకండి. నా ప్రతిలో అది పదకొండో పేజీలో, మెషిన్ల రంగులు మారవచ్చన్న పేరా కింద, చిన్న అక్షరాలలో ఉంది.